లిటిల్ వైల్డ్ హార్స్ – బెల్ కాన్యన్ లూప్ (యూటా): ఎటు నుంచి మొదలుపెట్టాలి? నీళ్లు, వరద, ఇరుకు చోట్లు

పొద్దుపొడుపు:
అక్టోబరు రెండో వారంలో గోబ్లిన్ వ్యాలీ వైపు వెళ్తున్నాం. నలుగురు పెద్దవాళ్లం, పన్నెండేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప. అందరికీ రోజుకు ఐదారు మైళ్లు నడిచే అలవాటు ఉంది, రాళ్లు ఎక్కడం మాత్రం కొత్త. లిటిల్ వైల్డ్ హార్స్, బెల్ అనే రెండు ఇరుకు లోయలను కలిపే చుట్టు దారి (లూప్) మొత్తం ఒకే రోజులో చేద్దామని ఆలోచన. ముందు బెల్‌లోకి వెళ్లాలా, లిటిల్ వైల్డ్ హార్స్‌లోకి వెళ్లాలా? మనిషికి ఎన్ని నీళ్లు మోయాలి? పిల్లలకు ఇబ్బంది పెట్టే చోట్లు ఏవి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

ఎర్రబండ:
ముందు దారి స్వరూపం చెప్తాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి.

ఐ-70లో 149వ ఎగ్జిట్ దగ్గర దిగి హైవే 24 మీద దక్షిణంగా సుమారు 24 మైళ్లు రండి. టెంపుల్ మౌంటెన్ రోడ్డు మీదికి కుడివైపు తిరిగి, తర్వాత గోబ్లిన్ వ్యాలీ బోర్డు చూసి ఎడమకు తిరగాలి. స్టేట్ పార్కు గేటుకు కొంచెం ముందు కుడివైపు వైల్డ్ హార్స్ రోడ్డు వస్తుంది. దాని మీద ఐదు మైళ్లు దాటాక ట్రెయిల్‌హెడ్, అంటే నడక మొదలయ్యే చోటు. అది పార్కు బయట, బీఎల్‌ఎం (కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ) భూమిలో ఉంది. టాయిలెట్ ఉంది, నీళ్లు లేవు. నీళ్లు పట్టుకోవాలంటే గోబ్లిన్ వ్యాలీ పార్కు లోపల, లేదా ముందే హ్యాంక్స్‌విల్‌లోనో గ్రీన్ రివర్‌లోనో. పెట్రోలు కూడా ఆ రెండు ఊళ్లలోనే నింపుకోండి, మధ్యలో ఏమీ దొరకదు.

ట్రెయిల్‌హెడ్ నుంచి వెడల్పాటి ఎండు వాగులో సుమారు అర మైలు నడిస్తే, వాగు బిగుసుకుని ఎనిమిది అడుగుల గోడలాంటి ఎండు జలపాతం ఎదురవుతుంది. దాన్ని నేరుగా ఎక్కక్కర్లేదు. కొన్ని అడుగులు వెనక్కి వస్తే ఎడమవైపు రాతి అరుగు మీదుగా చుట్టు దారి ఉంది. ఆ అరుగు దిగిన వెంటనే చీలిక. ఎడమవైపుది బెల్, కుడివైపుది లిటిల్ వైల్డ్ హార్స్. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. అరుగు దిగాక నేరుగా ముందుకు కనిపించేది బెల్. కుడివైపు తెరుచుకునే లిటిల్ వైల్డ్ హార్స్‌ను గమనించకుండా దాటిపోతారు.

బెల్ సుమారు 1.8 మైళ్లు. అది అయిపోయాక రీఫ్ (ఈ లోయలు కోసుకుపోయిన నిటారు రాతి గట్టు) వెనకాల పాత మట్టి రోడ్డు వస్తుంది. దాని మీద కుడివైపు సుమారు 1.7 మైళ్లు వెళ్లాలి. మొదట ఎక్కుడు, ఒక చిన్న కనుమ, తర్వాత దిగుడు. రోడ్డు లిటిల్ వైల్డ్ హార్స్ వాగును తాకిన చోట కుడివైపు వాగులోకి దిగి 3.6 మైళ్లు కిందికి నడిస్తే మళ్లీ చీలిక దగ్గరకే వస్తారు. మొత్తం ఎనిమిది మైళ్లు. మొత్తం ఎక్కుడు వెయ్యి అడుగుల లోపే. అంకెలు చూస్తే తేలికగా కనిపిస్తుంది గానీ వదులు గులకరాళ్లలో, ఇసుకలో నడక కాబట్టి మామూలు బాటలో మీ వేగం ఇక్కడ రాదు. పిల్లలతో ఆరేడు గంటలు లెక్క వేసుకోండి.

వాగువెంట:
నా ఓటు బెల్ ముందు. మూడు కారణాలు.

బెల్‌లో ఇరుక్కున్న బండలు కొన్ని ఉన్నాయి. వాటిని ఎక్కడం సులువు, దిగడం కష్టం. ఎక్కేటప్పుడు పట్టు కళ్లెదురుగా ఉంటుంది, దిగేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలో కనపడదు. రాళ్లు కొత్త అన్నారు కాబట్టి మీకు ఇది ముఖ్యం.

రెండోది, మట్టి రోడ్డు మీద చెట్టు నీడ కూడా లేదు. బెల్ చిన్నది కాబట్టి పొద్దున్నే మొదలుపెడితే ఎండ ముదరకముందే రోడ్డు దాటేస్తారు. ఆ తర్వాత మధ్యాహ్నమంతా లిటిల్ వైల్డ్ హార్స్ గోడల నీడలో ఉంటారు.

మూడోది, అన్నిటికన్నా అందమైన ఇరుకులు లిటిల్ వైల్డ్ హార్స్ కింది భాగంలో ఉన్నాయి. అవి చివర్లో వస్తే పిల్లలు అలసట మరిచిపోయి నడుస్తారు.

కొండగాలి:
వాగువెంట గారూ, మొదటి కారణం ఒప్పుకుంటాను. మిగతా రెండూ ఆకాశం బాగున్న రోజుకే చెల్లుతాయి. మీ లెక్క ప్రకారం వెళ్తే, అన్నిటికన్నా ఇరుకైన, పక్కకు ఎక్కి తప్పించుకునే చోటు లేని మైలున్నర భాగంలోకి మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు చేరతారు. ఎడారిలో ఉరుముల వానలు కట్టేది సరిగ్గా ఆ వేళకే. నేల వేడెక్కి, గాలి పైకి లేచి, మధ్యాహ్నానికి మబ్బు అవుతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఇది దాదాపు రోజువారీ వ్యవహారం.

అందుకే వాన అవకాశం ఏ కొంచెం ఉన్నా లిటిల్ వైల్డ్ హార్స్ ముందు. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే పదిన్నరకు ఇరుకులు దాటేస్తారు. పైన రోడ్డు మీద ఆకాశమంతా కనిపిస్తుంది. మబ్బు పడుతుంటే అక్కడే ఎత్తయిన చోట ఆగిపోవచ్చు. ఇంకో లాభం, పొద్దున్నే వెళ్తే ఇరుకుల్లో ఎదురొచ్చేవాళ్లు తక్కువ. భుజాలు పక్కకు తిప్పితే తప్ప పట్టని చోట రెండు గుంపులు ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి నడవాల్సిందే. శని, ఆదివారాల్లో దీనికే అరగంట పోతుంది.

వాగువెంట:
మధ్యాహ్నపు మబ్బుల మాట నిజమే. కానీ అడిగింది అక్టోబరు గురించి. మాన్సూన్ అప్పటికి అయిపోతుంది.

నీలిమేఘం:
మాన్సూన్ అయిపోయిందన్న మాట మీద భరోసా పెట్టుకోవద్దు. ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం.

2020 మే నెలలో ఇదే లిటిల్ వైల్డ్ హార్స్‌లో వరద వచ్చి ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. అది మాన్సూన్ కాలం కాదు. అక్టోబరులో పసిఫిక్ నుంచి వచ్చే తుపాను వ్యవస్థలు ఈ ప్రాంతంలో గంటల తరబడి వాన కురిపిస్తాయి. వాటికి మధ్యాహ్నం, పొద్దున అన్న తేడా కూడా లేదు.

ఇక్కడ వరద ఇంత వేగంగా ఎందుకొస్తుందో అర్థమైతే జాగ్రత్త దానంతటదే వస్తుంది. పైన పరివాహక ప్రాంతం అంతా నున్నటి బండ, పలుచటి మట్టి, బంకమన్ను. నీరు ఇంకే చోటు లేదు. పడినది పడినట్టు వాగులోకి జారుతుంది. వందల అడుగుల వెడల్పులో చీలమండ లోతున పారే నీరు మూడు అడుగుల సందులోకి దూరితే మనిషి ఎత్తు దాటుతుంది. పైగా ఆ వాన మీ నెత్తిన పడక్కర్లేదు. రీఫ్ వెనకాల, మీకు కనపడని చోట పడితే చాలు.

చూడాల్సినవి:

సాల్ట్ లేక్ సిటీ వాతావరణ కార్యాలయం దక్షిణ యూటా లోయలకు ఇచ్చే ఫ్లాష్ ఫ్లడ్ పొటెన్షియల్ (ఆకస్మిక వరద అవకాశం) రేటింగ్. నాట్ ఎక్స్‌పెక్టెడ్, పాసిబుల్, ప్రాబబుల్, ఎక్స్‌పెక్టెడ్ అని నాలుగు మెట్లు. పిల్లలతో అయితే మొదటి మెట్టు ఉన్న రోజే వెళ్లండి. ‘పాసిబుల్’ అంటే పర్లేదులే అని సరిపెట్టుకోవద్దు.

ఫోన్‌లో ఊరి పేరు పెట్టి చూసే వాన శాతం సరిపోదు. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో మ్యాపు మీద రీఫ్‌కు పడమర, వాయవ్య దిక్కుల్లో నొక్కి ఆ చోటు సూచన చదవండి. నీరు వచ్చేది అటు నుంచే.

లోపలికి వెళ్లాక గోడల మీద, తలకన్నా ఎత్తులో ఇరుక్కున్న కొమ్మలు, దుంగలు కనిపిస్తాయి. అక్కడి దాకా నీరు వచ్చిందని గుర్తు. అవి కనిపించిన ప్రతి చోటా, ఇప్పుడు నీరు వస్తే ఎటు ఎక్కాలి అని ఒకసారి చుట్టూ చూసుకోండి.

నీరు వచ్చే ముందు గుర్తులు: అకస్మాత్తుగా చల్లటి గాలి, దూరం నుంచి గర్జన, ఉన్న తడి బురదరంగుకు మారడం, పుల్లలు కొట్టుకురావడం. అవి కనిపిస్తే బ్యాగు వదిలేసి ఎక్కగలిగినంత పైకి ఎక్కండి. లోయ వెంట కిందికి పరుగెత్తి తప్పించుకోవాలని చూడొద్దు, నీరు మీకన్నా వేగం. ఎక్కాక నీరు పూర్తిగా తగ్గేదాకా దిగొద్దు. ఒక అల వెనక ఇంకో అల రావచ్చు.

ఎర్రబండ:
నీలిమేఘం గారు చెప్పినదాన్ని బట్టి దిక్కు సంగతి తేల్చుకోవచ్చు. రేటింగు మొదటి మెట్టు, రెండు రోజులుగా వాన లేదు, ఆకాశం నిర్మలం అయితే బెల్ ముందు. రేటింగు బాగున్నా మధ్యాహ్నం మబ్బు పట్టే సూచన ఉంటే లిటిల్ వైల్డ్ హార్స్ ముందు. దానికన్నా ఏమాత్రం చెడుగా ఉంటే ఎటు నుంచీ వద్దు, ఆ రోజు గోబ్లిన్ వ్యాలీలో బయట తిరగండి. ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున బయల్దేరే ముందు ఒకసారి చూసి నిర్ణయించుకోండి. నెల ముందు దిక్కు ఖాయం చేసుకుని రావద్దు.

పొద్దుపొడుపు:
చాలా ఉపయోగం. రాళ్లు ఎక్కే చోట్ల గురించి ఇంకొంచెం చెప్పండి. తాడు అవసరమా? తొమ్మిదేళ్ల పాప ఎత్తు నాలుగున్నర అడుగులు.

రాతిపట్టు:
తాడు అవసరం లేదు. ఎక్కువ భాగం నాలుగు నుంచి ఆరు అడుగుల మెట్లు, ఇరుక్కున్న బండలు. ఒక్కో పెద్ద వరద తర్వాత ఇసుక మట్టం మారుతుంది. నిరుడు నడుం ఎత్తున్న మెట్టు ఈ ఏడు తల ఎత్తు కావచ్చు, లేదా ఇసుకలో కూరుకుపోయి ఉండొచ్చు. అందుకే పాత వీడియో చూసి ఇంతే అనుకోవద్దు. కావాలంటే ఇరవై అడుగుల పొడవున్న వెడల్పాటి నైలాన్ పట్టీ ఒకటి సంచిలో వేసుకోండి, బ్యాగులు కిందికి దించడానికి బాగా పనికొస్తుంది. పిల్లల నడుముకు కట్టి లాగడానికి మాత్రం వాడొద్దు.

ఎక్కే పద్ధతి ఇలా. ముందు ఒక పెద్దవాళ్లు బ్యాగు తీసి పైకి వెళ్లాలి. తర్వాత బ్యాగులన్నీ అందించండి. తర్వాత పిల్లలు, కింద ఒక పెద్దవాళ్లు నిలబడి ఉండాలి. కింద ఉన్నవాళ్ల చేతులు పిల్లల నడుం దగ్గర సిద్ధంగా ఉండాలి, తోయడానికి కాదు, జారితే కాళ్లు ముందు నేల తాకేట్టు నిలబెట్టడానికి. పాదం ఆనడానికి చోటు లేకపోతే కింద ఉన్నవాళ్లు తొడ మెట్టులా వంచి ఇవ్వొచ్చు.

గోడలు దగ్గరగా ఉన్న చోట వీపు ఒక గోడకు, పాదాలు ఎదుటి గోడకు ఆనించి ఒత్తుతూ జరగాలి. పాదం పక్కగా కాదు, అరికాలు మొత్తం రాతికి అంటాలి. బరువు కాళ్ల మీద ఉండాలి. చేతులతో వేలాడితే పది నిమిషాల్లో ముంజేతులు పట్టేస్తాయి.

దిగేటప్పుడు ముఖం రాతి వైపు. కూర్చుని జారుతూ దిగడం చాలామంది చేస్తారు, దానివల్లే మడమ కింది రాతికి తగిలి బెణుకుతుంది. ఎంత చిన్న ఎత్తయినా దూకొద్దు. కింద మెత్తటి ఇసుకలా కనిపించే దాంట్లో రెండంగుళాల లోతున రాళ్లుంటాయి. చీలమండ విరిగితే ఆ ఇరుకుల్లోంచి స్ట్రెచర్ బయటికి రావడానికి గంటలు పడుతుంది.

ఇంకొకటి. ఇసుకరాయి తడిస్తే బలం కోల్పోతుంది. రేణువులను పట్టి ఉంచే బంధం నీటికి వదులవుతుంది. వాన పడిన మర్నాడు పైపైన ఆరినట్టు కనిపించినా పలుచటి పట్టులు చేతిలో విరిగొస్తాయి. ఒకటి రెండు రోజులు ఆగడం మంచిది.

కొండగాలి:
బ్యాగుల గురించి కూడా. ఇరవై లీటర్లకు మించిన సంచి ఇరుకుల్లో నరకం. బయట వేలాడే సీసాలు, ట్రైపాడ్, జాకెట్ ఏమీ ఉండకూడదు, రాతికి రాసుకుని చిరుగుతాయి, ఇరుక్కుంటాయి. పక్కకు తిరిగి నడవాల్సిన చోట బ్యాగును వీపు నుంచి తీసి చేతిలో పట్టుకోండి. ఛాతీ మీద వేసుకుంటే కాళ్లు కనపడవు. బూట్లు మందపాటివి వద్దు. రబ్బరు మెత్తగా పట్టే ట్రెయిల్ షూ చాలు. చలికాలపు కోటు వద్దు గానీ సన్నటి పూర్తి చేతుల చొక్కా వేయండి, మోచేతుల చర్మం దక్కుతుంది.

నీటిచుక్క:
నీళ్ల ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు.

అక్టోబరు చల్లదనంలో పెద్దవాళ్లకు మూడు లీటర్లు, పిల్లలకు రెండేసి. పగలు వేడి 30 డిగ్రీలు దాటే సూచన ఉంటే పెద్దవాళ్లకు నాలుగు. దారి పొడవునా నమ్మదగిన నీరు ఎక్కడా లేదు. గుంటల్లో నిలిచే వాననీరు బురద, దాని మీద లెక్క వేసుకోవద్దు. కారులో ఇంకో ఐదు లీటర్లు వదిలిపెట్టండి.

లీటరు అంటే కిలో. పాప సంచిలో ఒక లీటరు మించి పెట్టొద్దు, మిగతాది పెద్దవాళ్లు మోయాలి.

ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఇంకో ప్రమాదం. చెమటతో ఉప్పు పోతుంది, నీళ్లతో రక్తంలో సోడియం ఇంకా పలచబడుతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, తికమక పడటం కనిపిస్తాయి. ఇవి వడదెబ్బలా కనిపించడంతో ఇంకా నీళ్లు తాగిస్తారు, అది పరిస్థితిని మరింత చెడగొడుతుంది. గంటకోసారి ఉప్పగా ఉన్నది ఏదో ఒకటి తినాలి, లేదా ఓఆర్‌ఎస్ పొడి ఒక సీసాలో కలుపుకోండి. అన్ని సీసాల్లో కాదు. ఒక సీసా ఉత్త నీళ్లతో ఉంటే గాయం కడగడానికీ పనికొస్తుంది.

వెనక్కి తిరగాల్సిన సమయానికి ఒక లెక్క: సగం నీళ్లు అయ్యేసరికి లూప్‌లో సగం దాటకపోతే వచ్చిన దారినే వెనక్కి.

దారిచూపు:
జీపీఎస్ గురించి. ఇరుకు గోడల మధ్య ఫోన్‌కు ఉపగ్రహాలు ఒకటి రెండే కనపడతాయి. వాటి సంకేతం కూడా గోడ మీద పడి తిరిగి వస్తుంది. అందుకే మ్యాపులో చుక్క పక్క లోయలో చూపిస్తే కంగారు పడొద్దు. ఆఫ్‌లైన్ మ్యాపు తప్పనిసరిగా దింపుకోండి గానీ దాన్ని మూడు చోట్లే నమ్మండి: మొదటి చీలిక, రోడ్డు మీదికి వచ్చే చోటు, రోడ్డు దిగే చోటు. మూడూ ఆకాశం తెరిచి ఉన్న చోట్లే.

ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాలకూ, కొత్త ఐఫోన్ అత్యవసర సందేశానికీ ఇదే సమస్య. ఇరుకులోంచి పోదు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఇద్దరు దగ్గర ఉండి, ఒకరు వెడల్పయిన చోటికి నడిచి అక్కడినుంచి పంపాలి. మామూలు సిగ్నల్ ఉంటుందని అనుకోవద్దు. ఎక్కడికి వెళ్తున్నారు, ఎన్ని గంటలకు బయటికి రాకపోతే ఎవరికి చెప్పాలి అని ఇంట్లోవాళ్లకు రాసిచ్చి రండి. ఆ ప్రాంతానికి గాలింపు బృందాన్ని పంపేది ఎమరీ కౌంటీ షెరీఫ్ కార్యాలయం.

బెల్ పైభాగంలో గానీ, లిటిల్ వైల్డ్ హార్స్ పైభాగంలో గానీ పక్క పాయలు కలుస్తాయి. కిందికి వస్తుంటే సమస్య లేదు, అన్నీ ఒకే వాగులో కలుస్తాయి. పైకి వెళ్తుంటే అడుగుల జాడలు చూసి పాయ ఎంచుకోవద్దు. తప్పుదారి పట్టినవాళ్ల అడుగులు కూడా అక్కడే ఉంటాయి. వెడల్పు ఎక్కువ, గులకరాళ్లు ఎక్కువ ఉన్నదే అసలు వాగు.

చిగురాకు:
మార్చిలో వెళ్దామని మా ఆలోచన. కుక్కను తీసుకెళ్లొచ్చా?

వాగువెంట:
నియమం ప్రకారం అడ్డు లేదు. లూప్ మొత్తానికి మాత్రం వద్దంటాను. ప్రతి బండ దగ్గరా ఎత్తి అందించాలి. పాతిక కిలోలు దాటిన కుక్కను ఆరడుగుల మెట్టు మీదికి ఎత్తడం ఇద్దరికీ ప్రమాదం. చిన్న కుక్క అయితే లిటిల్ వైల్డ్ హార్స్ మొదటి ఇరుకుల దాకా వెళ్లి వెనక్కి రండి.

మార్చిలో నీటి గుంటలు ఉండొచ్చు. ఎండ తగలని చోట నడుం లోతు నీరు వారాల తరబడి ఆరదు, చాలా చల్లగా ఉంటుంది. కర్రతో లోతు చూడకుండా దిగొద్దు. పొడి సాక్సు ఒక జత, ఉన్ని లేదా సింథటిక్ చొక్కా ఒకటి నీరు చొరని సంచిలో పెట్టుకోండి. తడి నూలు బట్టలతో గోడల నీడలో గంట నడిస్తే ఒళ్లు చల్లబడి వణుకు మొదలవుతుంది. ఎడారి కదా అని చలి గురించి ఎవరూ ఆలోచించరు.

ఎర్రబండ:
నడిచేటప్పుడు రాతిని చూస్తే ఎక్కడున్నారో కూడా తెలుస్తుంది. ఈ రీఫ్ అంటే శాన్ రఫేల్ స్వెల్ అనే ఉబ్బెత్తు నేలకు తూర్పు అంచున నిటారుగా వంగిన రాతి పొరలు. మొదట లేత రంగు నవాహో ఇసుకరాయి, జురాసిక్ కాలపు ఇసుక దిబ్బలు గట్టిపడినది. గోడల మీద ఏటవాలు చారలు ఆ దిబ్బల వాలులే. తర్వాత మెట్లు మెట్లుగా కాయెంటా, ఆ తర్వాత ఎర్రటి వింగేట్. గట్టిగా ఒకే ముద్దగా ఉన్న నవాహో, వింగేట్‌లలో నీరు నిలువునా కోసుకుపోతుంది కాబట్టి అక్కడ ఇరుకులు. కాయెంటా పలుచటి పొరలు, అంచులు విరిగి పడతాయి, అందుకే అక్కడ లోయ కొంచెం విప్పారుతుంది. విశ్రాంతికి, అన్నానికి ఆగాల్సింది అలాంటి చోటే.

రీఫ్ వెనక మట్టి రోడ్డు చిన్‌లే పొరల మీద ఉంది. యురేనియం కోసం తవ్వినది ఈ పొరలోనే. పాత గని గుంతలు ఎక్కడ కనిపించినా లోపలికి వెళ్లొద్దు, పిల్లలను వెళ్లనివ్వొద్దు. చిన్‌లే మన్ను తడిస్తే ఉబ్బి జిగురవుతుంది. వాన తర్వాత ఆ రోడ్డు మీద ఒక్కో బూటు కిలో బరువెక్కుతుంది.

నీటిచుక్క:
టాయిలెట్ ట్రెయిల్‌హెడ్‌లోనే వాడండి. లోయలో మలం పూడ్చడానికి మట్టి లేదు, వాగు ఇసుకలో పూడిస్తే తర్వాతి వరద అందరి మీదికీ తెస్తుంది. దానికోసం అమ్మే సంచులు రెండు తెచ్చుకుని అందులోనే మోసుకొచ్చేయండి. రాతి మీద పేర్లు గీకడం చట్టప్రకారం నేరం. ఈ లోయ 2019 నుంచి రక్షిత వనప్రాంతంగా ప్రకటించిన భూభాగంలో ఉంది. వాగు అంచుల్లో నల్లగా, గరుకుగా కనిపించే నేల జీవమున్న పొర. ఒక్క అడుగుతో పాడయ్యేది కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. వాగులో గానీ, బండ మీద గానీ నడవండి.

పొద్దుపొడుపు:
అందరికీ ధన్యవాదాలు. అనుకుంటున్నది ఇది: పొద్దున తొమ్మిదిన్నరకు ట్రెయిల్‌హెడ్, ఆకాశం బాగుంటే బెల్ ముందు, పెద్దవాళ్లకు మూడు, పిల్లలకు రెండు లీటర్లు, ఇరవై లీటర్ల సంచులు నాలుగు, రెండు రోజుల ముందు నుంచి వాతావరణం. ఏమైనా మార్చాలా?

దారిచూపు:
సమయం మార్చండి. అక్టోబరు మధ్యలో అక్కడ సూర్యోదయం ఏడున్నర ప్రాంతంలో, అస్తమయం ఏడుకు కొంచెం ముందు. లోయలో చీకటి అంతకన్నా గంట ముందే పడుతుంది. తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి ఏడు గంటలు పడితే నాలుగున్నర. పాప అలసిపోయి గంటన్నర ఎక్కువ పడితే ఆరు, ఇరుకుల్లో మసక చీకటి. ఎనిమిదికి నడక మొదలుపెట్టండి. అయినా మనిషికో తలదీపం, ఫోన్ టార్చి కాదు, చేతులు రెండూ రాతి మీద కావాలి.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడున్నారో చూసుకోండి. అప్పటికి మట్టి రోడ్డు దాటి లిటిల్ వైల్డ్ హార్స్ వాగులోకి దిగి ఉండాలి. ఇంకా బెల్‌లోనే ఉంటే వచ్చిన దారినే వెనక్కి రండి, కిందికి వచ్చాక లిటిల్ వైల్డ్ హార్స్ మొదటి ఇరుకులు అరగంట చూసి కారు దగ్గరకు వెళ్లొచ్చు.

రాతిపట్టు:
బెల్‌లోంచి వెనక్కి రావడం అంటే ఎక్కిన బండలన్నీ దిగడం అని గుర్తుంచుకోండి. అందుకే బెల్‌లో మొదటి పెద్ద బండ ఎక్కగానే పాపతో ఒకసారి దాన్ని దిగించి చూడండి. ఐదు నిమిషాల పని. అక్కడ సులువుగా దిగగలిగితే ముందుకు వెళ్లండి.

కొండగాలి:
ఇంకొకటి, వైల్డ్ హార్స్ రోడ్డు కూడా వాగులను దాటుతుంది. వాన పడితే మీరు లోయలో క్షేమంగా ఉన్నా కారు అవతల చిక్కుకోవచ్చు. పారే నీటిలోంచి కారు నడపొద్దు, తగ్గేదాకా ఆగండి. కారులో ఒక పూట తిండి, దుప్పట్లు, నీటిచుక్క గారు చెప్పిన ఐదు లీటర్ల నీళ్లు దానికే. ఆరుగురు కాబట్టి ఐదు కాదు, పది పెట్టుకోండి.